మడ అడవిలో తీసిన ఫోటో

నాతోపాటు మా బడిలో పనిచేసే ఇద్దరు టీచర్లకు మడ అడవిలో గుడారం వేసుకుని ఒక రాత్రి ఉండాలని సరదా పుట్టింది. ఇద్దరూ హైదరాబాదులో పెరిగిన అమ్మాయిలు, పడవ ఎక్కి ఎరగరు. నేను దరియాలతిప్పలో చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టాను. తెడ్డు వెయ్యడం నాన్న నేర్పాడు. అందుకని మా బాబాయి చిన్న నావ అడిగి తీసుకుని, మధ్యాహ్నం ముగ్గురం బయల్దేరాం.

లెక్కల టీచరు నావ కాస్త ఒరిగితే చాలు, నా భుజం పట్టేసేది. ఇంగ్లిష్ టీచరు మెళ్ళో కెమెరా వేసుకుని, కొంగ కనపడ్డప్పుడల్లా లేచి నిలబడబోయేది.

“కూచో తల్లీ, నావ తిరగబడిపోద్ది!” అని నా గొంతు పోయేలా అరిచాను.

గోదావరి వదిలి సన్నటి పాయలోకి మళ్ళాం. పాటు చివరికొచ్చినా నీరు ఇంకా దిగుతోంది. రెండు పక్కలా మడచెట్ల వేళ్ళు బురదలోంచి పొడుచుకొచ్చి ఉన్నాయి.

ఇంగ్లిష్ టీచరు కెమెరా నా ముందు పెట్టింది. “చూడక్కా, ఆ మలుపులో ఎవరో పీతలు పడుతున్నారు. భలే వచ్చింది కదా!”

ఫోటోలో, మోకాళ్ళ లోతు నీళ్ళలో ఒక ముసలాయన, అటు తిరిగి, కుడిచెయ్యి నడుం వెనక పెట్టుకుని నిలబడ్డాడు. నాన్న అచ్చం అలాగే నిలబడేవాడు. నా చిన్నప్పుడు తుఫానులో వేటకెళ్ళి తిరిగి రాలేదు. నావ దొరికింది, ఆయన దొరకలేదు. ఉండి ఉంటే ఇప్పుడు ఆ వయసే.

తలెత్తి చూస్తే మలుపులో ఎవరూ లేరు. అటే తెడ్డు వేశాను. ఆ మలుపు దాటాను, ఆపైన ఇంకోటి. కొమ్మలు మొహానికి కొట్టుకుంటున్నాయి.

“ఎక్కడికక్కా? గుడారం వేసేది ఇటు కాదన్నావుగా?” లెక్కల టీచరు మళ్ళీ నా భుజం పట్టేసింది.

నావ అడుగు బురదకి తగిలి ఆగిపోయింది.

“నాన్నా!” అని పిలిచాను. ఏదో పిట్ట రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయింది. ఇద్దరూ బిత్తరపోయి నన్నే చూస్తున్నారు. అప్పుడు నాన్న సంగతి చెప్పాను. ఇంగ్లిష్ టీచరు నా చెయ్యి పట్టుకుని, మళ్ళీ పోటు వచ్చేదాకా వదల్లేదు. పొద్దు గుంకుతుండగా నావ తేలింది. గుడారం మూట విప్పకుండానే వచ్చేశాం.

ఆ పాయ సంగతి అడిగితే బాబాయి తల అడ్డంగా ఊపాడు. “అందులోకి మనోళ్ళెవరూ ఎల్లట్లేదమ్మా. పీతలు లేవు కదా ఇప్పుడు.”

ఇంగ్లిష్ టీచరు నా ఫోనుకి పంపిన ఆ ఫోటో అమ్మకి చూపించాను. నేను నాన్న మాట ఎత్తలేదు. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

“సొక్కా బుజం కాడ సిరిగిపోయింది. కుట్టే మడిసి లేదు కాబోలు,” అంది.

ఫోను నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.  ఆ ఫోటో తీసెయ్యలేకపోయాను.