తొమ్మిదో చింతపిక్క

మా చిన్నప్పుడు... పగలు పన్నెండున్నర అయిందంటే ఇంట్లో అందరం నోరు మూసుకోవాల్సిందే. ఏడుస్తున్న చెల్లి కూడా! అమ్మ గడప మీద కూర్చుని, ఒడిలో చింతపిక్కలు పోసుకుని, చెవులు రిక్కించేది...

సాగర్ కుడి కాలువ తవ్వుతున్న రోజులవి. మేము కారంపూడిలో ఉండేవాళ్ళం. మా నాన్న కాలువ పని మీద ఇంజనీరు. బండ అడ్డమొచ్చిన చోట బెజ్జాలు వేయించి, మందు కూరి పేల్పించేవాడు. పొద్దున సైకిలెక్కుతూ "ఇయ్యాల పదకొండు" అని అమ్మకు చెప్పేవాడు. అంటే ఆరోజు పదకొండు పేలుళ్ళన్నమాట. ఒక్కో 'ఢాం'కు అమ్మ ఒక్కో పిక్క పక్కన పెట్టేది. పదకొండూ వినపడితేనే "స్తోత్రం ప్రభువా" అని లేచి, బడి నుంచి వచ్చిన మాకు అన్నం పెట్టేది.

ఈ లెక్క నాన్నకు మిలిట్రీలో అబ్బింది. యుద్ధంలో బాంబుల మధ్య తిరిగి, ప్రాణాలతో ఇంటికొచ్చి, నేను పుట్టాక కూడా మళ్ళీ పుస్తకాలు పట్టి ఇంజనీరయ్యాడు! ఎంత మనిషో చూడండి... అంతటి మనిషీ పొద్దున్నే కూర్చుని చెల్లికి జడలేసేవాడు. రెండు జడలూ ఒకే పొడవు రాకపోతే విప్పి మళ్ళీ మొదలు. "చాల్లే నాన్నా, బడికి గంట కొట్టేస్తారు!" అని అది ఒకటే గోల...

ఒకరోజు "తొమ్మిది" అని చెప్పి వెళ్ళాడు. ఎనిమిదే వినపడ్డాయి. అమ్మ చేతిలో ఒక పిక్క మిగిలిపోయింది.

పక్కింటి కోటమ్మ పెద్దమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఏందే మరియమ్మా, అట్టా కూర్చున్నావ్? ఏయో రెండు కలిసి పేలుంటయ్ లే. పిల్లకాయలకు కూడు పెట్టు."

"కలిసి పేలినయ్యో, ఒకటి పేలకుండా మిగిలిందో దగ్గరికి పోయి చూడాలి గదక్కా. ఆయన ఎవుర్నీ పంపడు... తనే పోతాడు."

పెద్దమ్మ గోడ చుట్టూ తిరిగి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

అన్నం చల్లారిపోయింది. నాకేమో ఆకలి. చానాసేపటికి ఒక్క 'ఢాం'... నేను "తొమ్మిది!" అని ఎగిరి గంతేశాను. అమ్మ ముఖం చూసి ఆగిపోయాను. అది నాన్న పేల్చిందా... నాన్న దగ్గరికి వెళ్ళాక పేలిందా?

అమ్మ చెల్లిని చంకనేసుకుని చెప్పులు కూడా లేకుండా కాలువ వైపు నడిచింది. నేను వెనక పరిగెత్తాను. ఊరు దాటాక దూరంగా ఒక సైకిలు... దాని మీద తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి రాతి పిండి పూసుకున్న మనిషి! పని మధ్యలో ఎన్నడూ ఇంటికి రాని నాన్న, ఆరోజు పెడలు విరిగేలా తొక్కుకుంటూ వస్తున్నాడు.

"నువ్వు ఇట్టా బయల్దేరతావనే వచ్చానే" అన్నాడు రొప్పుతూ. "ఒకటి మిగిలింది. అరగంట ఆగి, పక్కన ఇంకొంచెం మందు పెట్టి, దూరంగా వచ్చి పేల్చా. అంతే."

అమ్మకు అప్పుడొచ్చింది కోపం. "మీకు ఇద్దరు బిడ్డలున్నారు! అంతమంది పనోళ్ళున్నారు గదా, ఒకర్ని పంపకూడదా?"

నాన్న సైకిలు దిగాడు. "పంపితే... వాళ్ళ ఇంటికాడ కూడా ఎవురో ఒకరు గడప మీద కూర్చునుంటారు గదే మరియా."

అమ్మ గుప్పిట విప్పి ఆ తొమ్మిదో పిక్క నాన్న చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత ఎన్ని చొక్కాలు చిరిగాయో... పిక్క మాత్రం ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారుతూనే ఉండేది. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన కింద పనిచేసిన ఒక్క మనిషి కూడా పేలుడులో చనిపోలేదు. ఈ మాట రాస్తుంటే నాకు ఛాతీ ఉప్పొంగుతోంది!

నాకు ఆయన చదువు అబ్బలేదు, ఎనిమిదితో ఆపేశాను. కానీ నా కూతురికి అబ్బింది! ఇప్పుడు అదే కాలువ మీద ఇంజనీరమ్మ. నిన్న మధ్యాహ్నం రెండైనా రోజూ వచ్చే ఫోను రాకపోతే నేనే చేశాను. "అన్నం తిన్నావా తల్లీ?"

"ఇంకా ఇద్దరు తూములో దిగి ఉన్నారు నాన్నా. వాళ్ళు పైకొచ్చాక తింటా" అంది.

ఆ మాటకు నేను ఎంత మురిసిపోయానో ఏమని చెప్పను... దానికి ఈ పిక్కల కథ నేనెప్పుడూ చెప్పనే లేదు!

ఇప్పుడు ఒక్క ఫోనుతో క్షేమం తెలిసిపోతోంది. అప్పుడు చెవులతో వినాల్సి వచ్చేది... అయినా నిన్న మా అమ్మాయి మళ్ళీ ఫోను చేసి "అందరూ పైకొచ్చారు నాన్నా" అనేదాకా నేనూ కంచం ముందు అలాగే కూర్చున్నాను. మీ ఇళ్ళలో ఎవరి కోసం అన్నం ఆగేదో... మీరూ రాయండి, చదువుకుంటాను.