దొర, పంతులు, ఒక సౌండ్ కార్డు

ఆ రోజుల్లో కంప్యూటర్‌కు నోరుండడం ఒక హోదా. ఇప్పుడు జేబులోని ఫోను కూడా అడక్కుండానే మాట్లాడుతోంది, పాడుతోంది, ఎటు తిరగాలో చెబుతోంది. అందుకే ఈ మాట చెబితే నేటి పిల్లలు నమ్మరు. అప్పట్లో కంప్యూటర్ కొన్నామంటే మూగ పెట్టె కొన్నట్టే. దానికి గొంతు కావాలంటే సౌండ్ కార్డు అనే బిళ్లను విడిగా కొని లోపల గుచ్చాలి. గుచ్చిన బిళ్లను పెట్టె గుర్తుపట్టాలంటే డ్రైవర్ అనే ఇంకో సరంజామాను సీడీలోంచి ఎక్కించాలి. బిళ్ల ఒక కంపెనీది, పెట్టె ఇంకో కంపెనీది, రెండిటినీ కలిపింది నరసరావుపేటలో ఒక కొట్టు. అన్నీ సఖ్యంగా ఉన్నంత కాలం సంగీతం. చెడితే ఎవరి గుమ్మం తొక్కాలో తెలియదు. నా యౌవనంలో కొంత భాగం ఆ గుమ్మాల ముందే గడిచింది. ప్రేమ విఫలమై గడ్డం పెంచిన మిత్రులు నాకున్నారు. నేను మాత్రం సౌండ్ కార్డు వల్ల పెంచాను.

అప్పుడు నేను గురజాల దగ్గర మా ఊరి నుంచి ఒక పత్రికకు వార్తలు పంపేవాణ్ని. వార్తలు టైపు చేయడానికని ఇంట్లో చెప్పి కంప్యూటర్ కొన్నాను (పాటల కోసమని ఎవరికీ చెప్పలేదు, చెప్పకపోయినా అందరికీ తెలుసు). నా గది కిటికీ తీస్తే మా బాబాయ్ గొడ్ల చావిడి. అందులో ఆయన ప్రాణం రెండు ముక్కలుగా కట్టేసి ఉండేది. ఒకటి దొర, తల పైకెత్తి, నేలను కనికరిస్తున్నట్టు నడిచేది. రెండోది పంతులు, మేత ముందు పెడితే అడ్డంగా ఒకసారి తల ఊపి, ‘ఏం చేస్తాం, తప్పదుగా’ అన్నట్టు మొదలుపెట్టేది. రెండూ బండలాగుడు పందేల కోసం పెంచిన గిత్తలు. బలంలో వాటికి వంక పెట్టేవాడు లేడు. చిక్కల్లా ఒక్కటే, మైకు. ఆ కిందటేడు తిరునాళ్లలో వాటి వంతు రాగానే మైకులో వ్యాఖ్యాత ‘శభాష్’ అని గట్టిగా అన్నాడు. అంతే, బండతో సహా గీత దాటి, సోడా బండిని పడగొట్టి, పెద్దలు కూర్చున్న షామియానా కిందనుంచి దూసుకుపోయి ఒక జొన్నచేలో తేలాయి. బాబాయ్ ఆ తర్వాత చాలాకాలం రచ్చబండ మీదికి రాలేదు. పిన్ని మాత్రం ఖరాఖండీగా చెప్పేసింది.

“ఈ ఏడు కూడా బెదిరినయ్యంటే రెండిట్నీ సంతకు తోలాల్సిందే. పందెం గిత్తలని చెప్పి నెత్తిన పెట్టుకుంటివి, దుక్కి దున్నవు, బండి లాగవు. సోడాబండోడి ముందు తలెత్తుకోలేక చస్తన్నా.”

“బెదరవే. ఈ ఏడు బెదిరితే నేనే తోల్తా,” అన్నాడు బాబాయ్. ఆ తర్వాత నా గదిలోకి వచ్చి, తలుపు మూసి, “ఒరేయ్, నువ్వు కిందటేడు పందేలప్పుడు మైకంతా కేసెట్లో పట్టావే, ఉందా?” అని అడిగాడు.

ఉంది. వార్త రాసుకోవడానికి చిన్న టేప్ రికార్డర్‌లో పట్టాను. పందెం గొడవంతా రోజూ చావిట్లో మోగిస్తే గిత్తలకు అలవాటైపోతుందన్నది బాబాయ్ ఆలోచన. అది మంచిదే. దాన్ని పాడుచేసింది నా తెలివి. టేపు అరిగిపోతుంది బాబాయ్, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే అరగదు, తరగదు, పెద్ద స్పీకర్లలో అచ్చం తిరునాళ్లలాగే మోగుతుందని కోతలు కోశాను. ఎక్కించాను కూడా. ఎక్కించిన మర్నాడే టేప్ రికార్డర్ ఆ కేసెట్‌ను నమిలేసింది. పరవాలేదు, కంప్యూటర్‌లో ఉందిగా అనుకున్నాను. ఆ వారమే కంప్యూటర్‌కు వైరస్ పట్టింది.

నరసరావుపేటలో నాకు కంప్యూటర్ అమ్మినాయన్ను అందరూ ఫార్మాట్ అన్న అనేవాళ్లు. ఏ జబ్బుతో వెళ్లినా ఆయన మందు ఒకటే, ఉన్నదంతా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టడం. పెట్టె మోసుకుని బస్సులో వెళితే మూత కూడా తీయకుండానే, “ఫార్మాట్ కొడదాం తమ్ముడూ, కడిగిన ముత్యంలా ఐద్ది,” అన్నాడు. కొట్టాడు. వైరస్ పోయింది, గొంతు కూడా పోయింది. రికార్డింగ్ డిస్కులో వేరే భాగంలో ఉండబట్టి భద్రంగా ఉంది, తెర మీద కనబడుతోంది, వినబడదు. సౌండ్ కార్డు డ్రైవర్ సీడీ ఏదన్నా అని అడిగితే, “నీకియ్యలా?” అన్నాడు. ఇవ్వలేదన్నాను. “ఇచ్చే ఉంటా. నేనియ్యకుండా ఉండనే!” అన్నాడు. కొత్త కార్డు కొనుక్కోవచ్చుగా అని మీరనవచ్చు. వారంటీ నడుస్తున్న వస్తువును వదిలేసి కొత్తది కొనడమంటే ఓటమి ఒప్పుకున్నట్టే. ఆ అలవాటు మా పల్నాటి వైపు తక్కువ.

కార్డు వచ్చిన అట్ట పెట్టె మీద కంపెనీ సహాయ కేంద్రం నంబరు ఉంది. గురజాలలో ఎస్టీడీ బూత్ నుంచి చేయాలి. నేను బయల్దేరితే బాబాయ్ తానూ వస్తానన్నాడు. ఫోన్లో చాలాసేపు వీణ మోగింది, ఆ తర్వాత ఒకమ్మాయి పలికింది. అదృష్టం, తెలుగే. విషయమంతా విని, “సార్, ఇప్పుడు ఒకసారి కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తారా?” అంది.

“కంప్యూటర్ మా ఊళ్లో ఉందండీ. నేను గురజాలలో ఉన్నాను.”

“అయితే కంప్యూటర్ ముందు కూర్చుని కాల్ చేయండి సార్.”

“కంప్యూటర్ ముందు ఫోన్ లేదండీ.”

చివరికి ఆ అమ్మాయి ఫిర్యాదు రాసుకోవడం మొదలుపెట్టింది. “సార్, సౌండ్ కార్డును ముఖ్యంగా దేనికి వాడుతున్నారు? గేమ్స్‌కా, మ్యూజిక్‌కా, ఆఫీసు పనికా?” నేను నోరు తెరిచేలోపే బాబాయ్ రిసీవర్ లాక్కున్నాడు.

“ఎడ్లకమ్మా,” అన్నాడు.

నేనూ రిసీవర్‌కు చెవి ఆనించాను. అటు నుంచి వినయంగా, “సారీ సార్, అది ఏ సాఫ్ట్‌వేర్?”

“సాఫ్టువేరు కాదు తల్లీ, ఎడ్లు. ఒంగోలు గిత్తలు. మైకు ఇనబడితే బెదురుతున్నయ్. తిరునాళ్లు ముంచుకొస్తన్నయ్. ఆ డైవరేదో తొందరగా పంపావంటే నీకు పుణ్యముంటది.”

“మా లిస్టులో ఎడ్లు లేవు సార్. అదర్స్ అని రాసుకుంటున్నాను.”

బాబాయ్ రిసీవర్ మీద చెయ్యి అడ్డం పెట్టి, “అదర్సంటే ఏందిరా?” అన్నాడు.

“మిగతావాళ్లు అని బాబాయ్.”

“దొర మిగతావాడా!” అని ఆయన నొచ్చుకున్న తీరు నాకిప్పటికీ కళ్ల ముందుంది.

ఆ తర్వాత జరిగిందాన్ని వరసగా చెబితే మీకు కూడా అలసట వస్తుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. కార్డు వాళ్లు లోపం పెట్టెలోని పెద్ద బోర్డుదన్నారు. బోర్డు వాళ్లు కార్డుదేనన్నారు. ఇద్దరూ కలిసి, అసలు లోపం ఫార్మాట్ అన్నదని తేల్చారు. ఫార్మాట్ అన్న మళ్లీ ఫార్మాట్ కొడదామన్నాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, మొదటి నుంచి కథ. (ఎడ్ల దగ్గరికి రాగానే కొందరు పెట్టేసేవాళ్లు.) ఒకరోజు కంపెనీ నుంచి కొరియర్ వచ్చింది. నరసరావుపేటకు పరుగున వెళ్లి తెచ్చుకుని విప్పితే అది మా కార్డుకు అన్నలాంటి పాత మోడల్ డ్రైవర్, మా కార్డుది కాదు. నెట్ సెంటర్‌కు వెళ్లి సరైనదాన్ని ఫ్లాపీల్లోకి ముక్కలుగా దించుకొస్తే, బస్సులో కుదుపులకో ఎండకో ఒక ఫ్లాపీ చచ్చిపోయింది. ఆ ముక్క లేకుండా మిగతావి పనిచేయవు. నేను వాటిని టేబుల్ మీద పేర్చుకుని చూస్తూ కూర్చుంటే, బాబాయ్ కిటికీలోంచి తల పెట్టి, “పలికిందా?” అని అడిగేవాడు. లేదు బాబాయ్. ఆయన వెళ్లి దొర మెడ కింద గంగడోలు నిమురుతూ నిలబడేవాడు. సంత రోజు దగ్గరపడుతున్నవాడి నిలబడటం అది.

చివరికి ఫార్మాట్ అన్నకే జాలేసింది. “నీ కార్డుది లేదు గానీ దగ్గర దగ్గరగా ఉండేదొకటి ఉంది తమ్ముడూ, ఎక్కించి చూద్దాం,” అని ఎక్కించాడు. పలికింది! కానీ నత్తితో పలికింది. వ్యాఖ్యాత గొంతు కాసేపు గంగాప్రవాహంలా సాగి, ఉన్నట్టుండి ఒక దగ్గర చిక్కుకునేది. “గిత్తలు కదిలాయి, శభా... శభా... శభా... గర్ర్ర్... శభా...” నేను మౌస్ నొక్కి విడిపించేదాకా అదే మోత.

“మంచి డ్రైవర్ వచ్చేదాకా ఆగుదామా?” అన్నాను.

“వచ్చేసరికి ఇయ్యి ముసలివైతయ్. కానీరా,” అన్నాడు బాబాయ్.

స్పీకర్ల వైర్లు పొడుగు చేసి కిటికీలోంచి చావిట్లోకి దించాం. రోజూ సాయంత్రం తిరునాళ్లు మొదలయ్యేవి. మామూలు వ్యాఖ్యానానికి గిత్తలు త్వరగానే అలవాటుపడ్డాయి, చెవులు కూడా కదిపేవి కావు. నత్తి మొదలైతే మాత్రం పలుపు తెంపుకునేవి. అప్పుడు బాబాయ్ ఒక ఉపాయం పన్నాడు. శభా శభా అని మొదలవగానే పరుగెత్తి రెండిటి నోట్లో ఉడకబెట్టిన ఉలవలు పెట్టేవాడు. నాలుగు రోజులకు భయం తగ్గింది. మరికొన్నాళ్లకు నత్తి వినబడితే చాలు, దొర నాలుక చాపేది, పంతులు తల ఊపేది. ఆ ఉలవల్లోవే కాసిని ఉప్పు చల్లి పిన్ని కిటికీలోంచి నాకూ ఒక గిన్నెడు ఇచ్చేది. నేను ఒక చేత్తో మౌస్, ఒక చేత్తో ఉలవలు. “ఏమే, ముగ్గురూ ఒకేసారి నములుతన్నారు చూడు,” అనేవాడు బాబాయ్. “పలుపు లేనోడొక్కడే తేడా,” అనేది పిన్ని.

తిరునాళ్లు వచ్చాయి. మా వంతు రాగానే పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. సోడా బండి అతను బండిని ముందే దూరంగా జరుపుకున్నాడు. బాబాయ్ కాడి కట్టి, నా వైపు ఒకసారి చూసి, గిత్తల్ని అదిలించాడు. మైకు ఒక్కసారిగా హోరెత్తింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి, దొర, పంతులు భుజం భుజం కలిపి బండను దుమ్ము లేచేలా లాక్కుపోతున్నాయి! మైకు తమ ఇంటి వస్తువైనట్టే. జనం ఈలలు. ఆ చివర దాకా పోయి, తిరిగి, అప్పటిదాకా ఏ జతా లాగనంత జోరుగా లాగాయి. వ్యాఖ్యాతకే పూనకం వచ్చింది. మైకు పట్టుకుని గెంతాడు. ఆ గెంతుకు ఎక్కడో వైరు లూజయింది.

“గిత్తలు కదిలాయి, శభా... శభా... గర్ర్ర్... శభా...”

గిత్తలు ఆగిపోయాయి. మైదానం నడిమధ్య, బండ వెనకే ఉండగా, దొర నాలుక చాపింది. పంతులు అడ్డంగా ఒకసారి తల ఊపింది. రెండూ మెడలు తిప్పి బాబాయ్ చేతుల వంక చూశాయి. బాబాయ్ అదిలించాడు, బతిమాలాడు, చివరికి ఖాళీ చేతులు చూపించాడు. ఏ గిత్తా ఆ సాక్ష్యాన్ని నమ్మలేదు. నేను కూడా (చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను) గుటక మింగాను. మాకిచ్చిన వ్యవధి అయిపోయేదాకా అవి అలాగే, ఎంతో మర్యాదగా, వడ్డన కోసం నిలబడ్డాయి. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒక పెద్దాయన లేచి, “ఏందయ్యా, పెళ్లి పంక్తి అనుకున్నయ్యా?” అని అరిచాడు.

గిత్తల్ని తోలుకుని ఇంటికొచ్చాం. వాకిట్లో పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని, “ఎప్పుడు తోల్తన్నావు సంతకి?” అంది.

“ఎందుకు తోలతా?” అన్నాడు బాబాయ్.

“మాటిచ్చావుగా!”

“ఏమని ఇచ్చా? బెదిరితే తోల్తానన్నా. ఒరేయ్, నువ్వు పత్రికోడివి, నిజం చెప్పు. బెదిరినయ్యా?”

వృత్తి ధర్మం ప్రకారం చెప్పాను. “బెదరలేదు పిన్నీ. ఆగాయి.”

పిన్ని మా ఇద్దర్నీ, చావిట్లోకి నడిచిపోతున్న ఆ రెండిట్నీ చూసింది. నవ్వు ఆపుకోవడానికి ముఖం తిప్పుకుని, “మీకు నలుగురికీ నేను ఉలవలు ఉడకబెట్టలేను,” అని లోపలికి వెళ్లింది. కాసేపటికి పొయ్యి వెలిగిన చప్పుడు వినబడింది. దొర, పంతులు ఆ చావిట్లోనే ముసలివయ్యాయి.

ఆ రాత్రి పంపిన వార్తలో, ఒక జత ‘సాంకేతిక లోపం వల్ల’ మధ్యలో ఆగిందని రాశాను. గుంటూరు డెస్కు నుంచి ఫోన్ వచ్చిందని బూత్ అతను కబురు పంపితే వెళ్లి మాట్లాడాను. “ఎద్దులకు సాంకేతిక లోపమేందయ్యా?” అని సబ్ ఎడిటర్ గద్దించాడు. వివరిద్దామనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక, తీసేయమన్నాను. పంట కోతల వేళకు కంపెనీ వాళ్ల సరైన సీడీ వచ్చింది, మీ సమస్య పరిష్కరించినందుకు మాకెంతో సంతోషంగా ఉందన్న చీటీతో సహా. బాబాయ్ ఆ సీడీని అటూ ఇటూ తిప్పి చూసి, తీసుకెళ్లి జొన్నచేలో దారానికి వేలాడదీశాడు. ఎండకు తళతళా మెరిసింది. “పిట్టలు బాగా బెదురుతున్నయిరా. మంచి కంపెనీ,” అన్నాడు.

ఇప్పుడు నేను పేటలో ఉంటున్నాను. మొన్న ల్యాప్‌టాప్ తనంతట తాను ఏదో అప్‌డేట్ చేసుకుని లేచింది, గొంతు గరగరమంది. సహాయం కోసం తెర మీద నొక్కితే ఈసారి మనిషి కూడా లేడు, ఒక యంత్రమే పలకరించి, ఆపి మళ్లీ ఆన్ చేశారా అని అడిగింది. ఇన్నేళ్లకు కంప్యూటరూ ఫోనూ ఒకే గదిలో ఉన్నాయి కాబట్టి, చేశాను. స్పీకర్ మళ్లీ గర్ర్ మంది. నాకు తెలియకుండానే లేచి వంటింట్లోకి నడిచి వేయించిన ఉలవల డబ్బా మూత తీశాను. పక్క గదిలోంచి మా ఆవిడ, “మళ్లీ సౌండు పోయిందా?” అంది. ఆమె స్పీకర్ వినలేదు, మూత చప్పుడు విన్నది. జవాబివ్వడానికి నోరు ఖాళీ లేదు. పంతుల్లాగే అడ్డంగా ఒకసారి తల ఊపి, నమలడం మొదలుపెట్టాను.