పంకా మీద గొంగడి

మా కోస్గిలో గాజు పూసలు చేసేది యాదలక్ష్మి ఒక్కతే. మా ఎదురిల్లే. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో పూసల కార్ఖానాలో పనిచేసింది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు గొర్రెలు కాసే మల్లప్పను చేసుకొని ఇక్కడికి వచ్చింది. గొర్రెల వెంట తిరగడం తన వల్ల కాదని మొదటి నెలలోనే తేల్చి చెప్పి, వెనక గదిలో గ్యాస్ సిలిండర్, మంట గొట్టం పెట్టుకుంది. గాజు కడ్డీని మంటలో కరిగించి తీగకు చుడుతుంది. ఎర్రగా కాలిన పూసను బూడిదలో పాతిపెట్టి నిదానంగా చల్లారుస్తుంది. తండాల ఆడవాళ్లు వచ్చి ఏరుకొని పోతారు.

ఆ గదికి ఒక కిటికీ ఉంది. గాలికి మంట ఊగుతుందని దాన్ని సగం మూసే ఉంచుతుంది. ఎదురు గోడలో పొగను బయటికి తోసే పంకా ఉంది. పంకా అవతల ఒంటరి ముసలమ్మ నర్సింగమ్మ వాకిలి. వేడిగాలి తన మిరపకాయల మీద పడుతోందని ఆమెకు కోపం. రోజూ వచ్చి రెక్కల సందులోంచి తొంగిచూసేది.

"ఏం కాలవెడుతున్నవే పిల్లా? గబ్బు వాసనొస్తాంది!"

ఆ చూపు మల్లప్పకు నచ్చలేదు. పూసలు బాగా అమ్ముడుపోతున్నాయి, ముసలమ్మ కన్ను పడిందని అనుమానించాడు. గొంగడి కట్టిన చోటికి దిష్టి రాదని వాళ్ల నాయిన చెప్పాడట. పంకా ఆపేసి, దాని మీద తన నల్ల గొంగడిని నాలుగు మేకులతో బిగించాడు.

వారం తిరగకముందే యాదలక్ష్మికి తలనొప్పి పట్టుకుంది. పనికి కూర్చున్న గంటకే తల దిమ్మెక్కేది, కడుపులో తిప్పేది. ఒకనాడు మంట మీదికే ఒరగబోయింది. దవాఖాన గోలీలతో తగ్గలేదు.

"చూసినవా తాతా, నేను గొంగడి కట్టకముందే ముసల్ది దిష్టిని లోపలికి తోలింది," అన్నాడు మల్లప్ప నాతో. "ఐతారం కులపోళ్లను కూడబెడ్త. ముసల్ది తడిబట్టలతో ప్రమాణం చెయ్యాలె."

అదే జరిగితే నర్సింగమ్మను చచ్చేదాకా ఎవరూ గడప తొక్కనివ్వరు. నిజం చెప్పాలంటే ఆమె మీద నాకూ అనుమానమే. ఇరవై ఏళ్ల కింద మాయమైన నా కోడిపుంజు ఈకలు ఆమె దొడ్లోనే దొరికాయి. అయినా పుంజు వేరు, ప్రమాణం వేరు.

యాదలక్ష్మిని పక్కకు పిలిచి అడిగాను.

"ఎప్పుడు నొస్తది బిడ్డా?"

"గా గదిలకు పోతేనే తాతా. బయట యాపచెట్టు కింద కూసుంటే పోతది."

"పనిలేని నాడు?"

"ఏం ఉండది."

దిష్టికి కూడా సెలవులుంటాయా? నా అనుమానం ముసలమ్మను వదిలి ఆ గదిలోకి దూరింది.

శనివారం పొద్దున్నే సాంబ్రాణి పట్టుకొని వెళ్లాను. "అచ్చంపేట అడవిల పెద్దపులికి దిష్టి తీసినోణ్ణిరా నేను. పులి నా కాళ్లు మొక్కింది. నీ ఇంటి దిష్టెంత?" అన్నాను. మల్లప్ప సగం నమ్మి, యాదలక్ష్మితో పాటు నన్ను ఆ గదిలోకి తీసుకుపోయాడు.

పొగ లేచింది. కప్పు దాకా పోయి, అక్కడే ఆగి, మెల్లగా మా ముగ్గురి ముఖాల మీదికి దిగింది.

"దిష్టి మస్తుగుంది తాతా!" దగ్గుతూ అన్నాడు మల్లప్ప.

"పోనీకి తొవ్వేదిరా? గా గొంగడి పీకు."

"ముసల్ది చూస్తది!"

"చూడనీ. నీ పెండ్లాం ఊపిరి పెద్దదా, ముసలమ్మ చూపు పెద్దదా?"

గొణుక్కుంటూనే మేకులు పీకాడు. నేను కిటికీ బార్లా తెరిచి పంకా వేశాను. దొడ్డి తలుపు తీస్తే గొర్రెలు ఉరికినట్టు పొగంతా ఆ కంతలోంచి బయటపడింది. అవతల దగ్గు వినిపించింది.

"ఎవడ్రా వాడు? నా మిరపకాయలకు దినాలు చేస్తున్నరా?"

యాదలక్ష్మి నవ్వి, అంతలోనే ఆగింది. "అంటే ఇన్నొద్దులు నా మంట గాలే నా నెత్తికెక్కిందా తాతా?"

"సాంబ్రాణి పొగ కండ్లకు కనవడ్తది. గ్యాస్ మంట ఇడిచే విషం కనవడది బిడ్డా. కనవడేది ముసల్దొక్కతే, అందుకే ఆమె మీద పడ్డరు."

ఆ రోజు పొద్దుగూకేదాకా పనిచేసినా ఆమెకు తల నొవ్వలేదు. కులపోళ్లకు కబురు పోలేదు. మల్లప్ప సిలిండర్‌ను గోడ బయటికి మార్చాడు. పంకాకు రేకు గొట్టం తగిలించి, పొగను మిరపకాయల మీద పడకుండా ఇంటి పైకి మళ్లించాడు.

ఆదివారం అదే గొంగడిని దులిపి అరుగు మీద పరిచి, నర్సింగమ్మను చాయ్‌కి పిలిచి కూర్చోమన్నాడు. ఎన్నడూ లేని ఈ మర్యాదకు ఆమె కళ్లు చిట్లించింది. కూర్చొని గొంగడిని వేళ్లతో తడిమింది.

"గీ తూట్లేందిరా?"

మల్లప్ప నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

"ఎలుకలు అవ్వా."

"ఎలుకలు మూలకొక్కటి కొల్చి కొరుకుతయా?" అంటూ ఆమె చాయ్ చల్లారేదాకా అతన్నే చూస్తూ కూర్చుంది.