ఆఖరి బొమ్మ ఇంటిది

మా మరిదికి మా ఆయన పెట్టిన ముద్దుపేరు బొంగరం. భోజనానికి కూర్చున్నా ఒక మోకాలు ఊగుతూనే ఉంటుంది. ఫొటోలు తీయడం అన్న దగ్గరే నేర్చుకున్నాడు. అన్న అయితే స్టూడియోలో కదలకుండా నిలబడి తీసేవారు. ఇతను బల్లలెక్కి, మెట్లమీద పడుకుని తీస్తాడు.

మా ఆయన పోయాక ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. ఈమధ్య కొత్త కెమెరా ఒకటి కొన్నాడు. చూడ్డానికి పాతకాలంది. నల్ల తోలు, వెండి అంచులు, పైన అంకెల చక్రాలు. లోపలంతా కొత్తదే, ఫిల్ము రోలు అక్కర్లేదు. అయినా రోలు తిప్పే మీట పెట్టారు, ఉత్తుత్తిది.

"పనిచెయ్యని మీటమీద అంత మోజేంటండీ?" అంది తోటికోడలు.

"చేతికి పనుంటుందే."

"చేతికి పని కావాలంటే వంటింట్లో గిన్నెలున్నాయి."

ఫొటోలకు వచ్చే కుర్రకారుకి మాత్రం అదే ముచ్చటట. "ఫోన్లో తీస్తే తీసినట్టే ఉండదు, దీని ముందు కాసేపు నిలబడాలనిపిస్తుంది" అని ఒకమ్మాయి అందట. మా మరిది మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ మీట లాగుతాడు, కర్రుమని. నేను తడిచేతులతో వంటింట్లోంచి వచ్చేస్తాను. వచ్చాక ఎందుకొచ్చానో చెప్పలేక నీళ్లు కావాలా అంటాను. ఆ చప్పుడు ఇన్నేళ్లూ మా ఆయనది.

ఆయన పాత కెమెరా బీరువాలో ఉంది, లోపల రోలుతోనే.

ఆయనకో పద్ధతి ఉండేది. ప్రతి రోలులో ఆఖరి బొమ్మ ఇంటిది. బయటివాళ్లవన్నీ అయ్యాక ఆ ఒక్కటీ ఇంట్లోవాళ్లని తీసి, అప్పుడే రోలు బయటికి తీసేవారు. అందుకే నా బొమ్మలు పెట్టెనిండా ఉన్నాయి. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండే మనిషి కనక ఆయనవి లేవు. మంచాన పడ్డాక కిటికీ దగ్గర కూర్చుని ఒక రోలంతా ఇంట్లోనే తీశారు. మధ్యలో కెమెరా తమ్ముడికిచ్చి, "నన్నూ ఒకటి తియ్యరా" అన్నారు. అడిగి తీయించుకున్నది అదొక్కటే. ఆఖరి బొమ్మ మిగిలి ఉండగానే పోయారు.

అది తీస్తేగాని రోలు కడిగించకూడదని మా ఇద్దరికీ పట్టుదల. కానీ మా మరిదికి చెయ్యి రాదు. వస్తాడు, బీరువా తెరుస్తాడు, "ఇవాళ వెలుగు బాలేదు వదినా" అని మూసేస్తాడు. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతాడు. ఆ రోలులో ఆయన మొహం ఉందన్న ధ్యాసతో నాకూ ఏ పనీ తోచేది కాదు.

మొన్న నేనే కెమెరా తీసి చేతిలో పెట్టాను.

"వెలుగు బాగానే ఉంది. తియ్యి."

"ఎక్కడ నిలబడతావు?"

"ఆయన కూర్చున్న చోటే."

కిటికీ దగ్గర నిలబడ్డాను. అతను మీట లాగాడు. కర్రుమంది. కెమెరా కంటిదాకా ఎత్తలేదు. పక్కన రోలు వెనక్కి చుట్టే చిన్న గుండీ ఉంటుంది, మీట లాగినా తిరగని ఆ గుండీ వంక చూస్తూ ఉండిపోయాడు. వేలితో తిప్పాడు. రోలు పట్టి ఉంటే బిగుసుకోవాల్సింది, అడ్డూ ఆపూ లేకుండా గిరగిరా తిరిగింది. వెనక మూత తెరిచాడు. అవతలి ఇరుసుకి పట్టాల్సిన రోలు తోక ఊడి చుట్టుకుని పక్కన పడి ఉంది.

"పట్టుకోలేదు వదినా. ఒక్కటీ పడలేదు."

నేల మీద కూలబడ్డాడు. మోకాలు ఊగడం లేదు.

"నన్నెన్ని తిట్టేవాడు! మీట లాగినప్పుడల్లా గుండీ చూడరా గాడిదా, అది తిరక్కపోతే రోలు కదలనట్టేరా అని. తనే చూసుకోలేదు. నేను తీసినప్పుడైనా చూడాల్సింది. అన్నయ్య మొహమే చూశాను."

"చేతులు వణికేవి కదా ఆయనకి" అన్నాను. "ఆ మాట నీతో చెప్పొద్దనేవారు. గాడిద నవ్వుతాడు అని."

నవ్వాడు. నవ్వుతూనే మొహం మోచేతిలో దాచుకున్నాడు. నేనూ పక్కనే కూర్చున్నాను.

"రోలంతా అలాగే ఉంది" అన్నాను. "ఎక్కించు. ఈసారి మొదటి బొమ్మే ఇంటికి."

తోక సరిగ్గా దూర్చి మూత వేశాడు.

"ఇటు చూడు వదినా."

నేను చూడలేదు. అతను మీట లాగుతుంటే గుండీ వంకే చూశాను. మెల్లగా తిరిగింది.