పిట్ట ముట్టని పాకం

మా బావ ఎవెలియోను ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు, మాస్టారు అంటారు. అలాగని బడిలో ఒక్క పాఠమైనా చెప్పిన మనిషి కాదు. చెరకు రసం ఎప్పుడు పాకానికొచ్చిందో, ఎప్పుడు దించాలో తేల్చిచెప్పే పెద్దను మిల్లులో మాస్టారు అంటారు. నలభై ఒక్క ఏళ్లు వేడి పాకాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి చూసి, ఆ వేళ్ల చివర్లు నున్నగా అరిగిపోయాయి. మిల్లు మూసేసి ఇరవై ఏళ్లయింది. యంత్రాలు తుక్కు కింద పోయాయి, పొగగొట్టం ఒక్కటే మిగిలింది. బావ పెత్తనం మాత్రం మూతపడలేదు. ఎవరింట జామపండు మిఠాయి వండినా వెళ్లి గరిటె నాకి తీర్పు చెప్పి వస్తాడు. కిందటేడు నేను వండినది చూసి, "ఒదాలిస్, ఇది తినడానికా, గోడ కట్టడానికా?" అన్నాడు. పక్కింట్లో ఉండే మరదలిని కాబట్టి ఊరుకున్నాననుకోకండి. మర్నాడు అతని కాఫీలో ఉప్పు వేశాను.

అక్టోబరు తుఫానుకు మా పెరళ్లలోని ఎర్ర పోనసీ పొదలన్నీ పూతతో సహా పోయాయి. ఆ పూల తేనె తాగే సున్సున్సీతోలు కనపడడం మానేశాయి. ఆ పిట్ట తుమ్మెదకు అన్నగారంత ఉంటుంది, అంతే. రెక్కల రొద వినపడ్డాక వెతుక్కుంటే తప్ప కంటికి ఆనదు. మా అక్క నీదియా వాటికోసం బెంగ పెట్టుకుంది. ఒక మందు సీసా శుభ్రంగా కడిగి, మూతకు బెజ్జం పెట్టి, దాని చుట్టూ నా గోళ్ల రంగుతో ఎర్ర పువ్వు వేసింది. ఒక వంతు పంచదారకు నాలుగు వంతుల నీళ్లు కలిపి పోసి, నిమ్మచెట్టుకు తలకిందులుగా వేలాడదీసింది.

మిగిలిన నీళ్లను బావ చెంచాతో రుచి చూసి ముఖం చిట్లించాడు.

"ఏమిటే ఇది? కప్పులు కడిగిన నీళ్లా?"

"పిట్టలకు."

"మాస్టారి ఇంట్లో ఇంత పల్చటి నీళ్లా? ఊళ్లో తెలిస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"అయితే నువ్వూ ఒక సీసా కట్టు మాస్టారూ," అంది అక్క. "పిట్ట ఎవరిది తాగుతుందో చూద్దాం. ఓడినవాళ్లు నెలాఖరు దాకా కాఫీలో పంచదార వేసుకోకూడదు. ఆ పంచదార పిట్టలకు."

మా ఊళ్లో పంచదార లేని కాఫీ అంటే శిక్షే. పైగా ఆ నెల రేషను సగమే వచ్చింది. అయినా బావ అప్పుడే గెలిచేసినవాడిలా నవ్వుతూ ఒప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అతను పొయ్యి దగ్గర నిలబడిన తీరు చూడాలి. మమ్మల్ని వంటింట్లోంచి పొమ్మన్నాడు. మురికి తీశాడు, వడకట్టాడు, వేళ్ల మధ్య తీగ సాగేదాకా మరిగించాడు. బంగారు రంగు పాకం. నిజం చెప్పొద్దూ, అంత చక్కటి పాకం నేను నా జన్మలో వండలేను. అక్క సీసాకు ఎదురు కొమ్మన తన సీసా కట్టి, కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మొదటి రోజు చీమలు వచ్చాయి. రెండో రోజు ఈగలు వచ్చాయి. మూడో రోజు పొద్దున పిట్ట వచ్చింది. ముందు బావ సీసా దగ్గరే ఆగింది. బెజ్జంలో ముక్కు పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుని, కొమ్మ మీద వాలి ముక్కును అటూ ఇటూ రాసి తుడుచుకుంది. తర్వాత అక్క సీసా దగ్గరికి వెళ్లి తాగింది, తాగింది, తాగుతూనే ఉంది.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అంతటితో ఆగితే బాగుండేది. సాయంత్రానికల్లా ఊరంతా చెప్పేశాను. డొమినో బల్ల దగ్గర, ఒకప్పుడు బావ కింద పనిచేసిన సెవెరో అందుకున్నాడు.

"మాస్టారూ, నీ పాకం ముట్టి పిట్ట మూతి తుడుచుకుందటగా. అసలు మిల్లు మూసేసింది అందుకేనేమో."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. బావ పావులు కింద పెట్టి ఇంటికి వచ్చేశాడు. మర్నాడు ఆటకు వెళ్లలేదు, ఆ మర్నాడూ వెళ్లలేదు. చేదు కాఫీ నోరెత్తకుండా తాగాడు. ఎదురింట్లో మిఠాయి వండి రుచి చూడమని పిలిస్తే, "నాకేం తెలుసు?" అన్నాడు. ఆ మాట నా చెవిన పడి ప్రాణం చివుక్కుమంది. మిల్లు పోయాక అతనికి మిగిలింది ఆ పేరు ఒక్కటే. దాన్ని ఊరి నోట్లో పెట్టింది నేనే.

ఆదివారం పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో చెక్క పెట్టె.

"మరదలా, మీ అక్క సీసాలోంచి కాసిని నీళ్లు పట్రా. నేను అడగలేను."

"దొంగతనమా బావా?"

"పరీక్షకు. వెళ్లు."

తెచ్చాను. పెట్టెలో, రసం చిక్కదనం కొలిచే గాజు గొట్టం ఉంది. మిల్లు మూసేసిన రోజు చొక్కాలో దాచి తెచ్చుకున్నాడట. నీళ్లను పొడవాటి గ్లాసులో పోసి గొట్టాన్ని వదిలాడు. అది కాసేపు ఊగి నిలబడింది. కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. తీసి తుడిచి మళ్లీ చూశాడు.

"పాడైందా?" అన్నాను.

"పద్దెనిమిది," అన్నాడు మెల్లగా. "మార్చి నెలలో గేటు దగ్గర బండి దించగానే తీసిన రసం ఇంతే ఉండేది. ఇది చెరకు రసం లెక్కే, ఒదాలిస్. నలభై ఒక్క ఏళ్లు ఇందులోంచి నీళ్లు తీసెయ్యడమే నా పని. ఆ పిట్టేమో నీళ్లతోనే కావాలంటోంది."

తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. వారం రోజుల నవ్వు ఒక్కసారే బయటికొచ్చింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

అప్పటికప్పుడు తన సీసా కడిగి, గొట్టం సరిగ్గా పద్దెనిమిది దగ్గర నిలిచేదాకా చెంచా పంచదార, చుక్క నీళ్లు చూసి చూసి కలిపాడు. కొమ్మకు కట్టి, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఈసారి నేనూ పక్కన కూర్చున్నాను.

గంటకల్లా పిట్ట వచ్చింది. బావ సీసాలో ముక్కు పెట్టింది. ఇక తియ్యలేదు.

బావ లేచి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని మూడు దీర్ఘమైన ఈలలు వేశాడు. చెరకు ఆడడం మొదలైన రోజున మిల్లు వేసే కూత అది. ఇరవై ఏళ్ల తర్వాత విన్నాం. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. సెవెరో చేతిలో డొమినో పావులతో పరుగెత్తుకొచ్చి, సీసా చూసి, పిట్టను చూసి, అలవాటుగా టోపీ తీశాడు.

"పని మొదలైందా మాస్టారూ?" అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో.

అక్క కాఫీ తెచ్చింది. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుంది. అయినా పంచదార చెంచా కప్పు మీదికి తీసుకొచ్చింది. బావ కప్పుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దే," అన్నాడు, సీసా మీది పిట్టను చూస్తూ. "అది రెండో షిఫ్టు వాళ్లకుంచు."