పోశక్క చుట్టిన ఆకు

పోశక్క ఉట్నూర్ అడవి ఊర్లలో పుట్టింది. ఎండాకాలం వస్తే వాళ్ల అవ్వ వెంట తునికాకు కోసేదట. ఆ ఆకే కట్టలు కట్టలుగా బీడీలకని మా కోరుట్లకు వచ్చేది. పెళ్లయి పోశక్క కూడా ఇక్కడికే వచ్చింది. "నేను, ఆకు ఒక్క లారీలనే దిగినం" అని నవ్వుతుంది. భర్త పరశురాములు బొంబాయి పోయి మళ్లీ రాలేదు. ఎదురుచూసిందో లేదో ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనకని వేరే కూర్చోదు. బీడీకి దారం బిగించేటప్పుడు పెదవులు కదులుతాయి, అంతే.

బాప్తిస్మం ఇచ్చిన రోజు అయ్యగారు ఆమెకు మార్త అని పేరు పెట్టాడు. "గా పేరుతోని పిలిస్తె పలుకుడు మర్చిపోత, ఏమనుకోకుండ్రి అయ్యగారూ" అన్నదట. ఎవరూ పిలవలేదు. బీడీ తాగడం పాపమని ఆయన వాక్యం చెప్పిన ఆదివారం బీడీలు చుట్టి బతికే మేమందరం తలలు దించుకుని కూర్చుంటే, "తాగుడన్నడు గని చుట్టుడన్లే, లెవ్వుండ్రి" అని అందరినీ లేపింది.

పోశక్క ఇల్లు మా గోడకు ఆనుకునే ఉంటుంది. మా ఆయన మస్కట్‌లో. ఇంట్లో నేనూ, నా బిడ్డ భూమికా. సాయంత్రం ఇద్దరికీ సరిపడా ఆకు తడిపి గోనెపట్టాలో చుట్టి పెట్టేదాన్ని. తెల్లారి ఎదురెదురుగా కూర్చుని బీడీలు చేసేవాళ్లం. వానల్లో జ్వరం వచ్చి భూమిక పోయింది. మా ఆయన వచ్చి, మట్టి వేసి, సెలవు అయిపోయి వెళ్లాడు.

ఆ తర్వాతి రోజులు నాకు సరిగా గుర్తులేవు. నీళ్లలో నడిచినట్టు నడిచాను. చెయ్యి మాత్రం పాత అలవాటునే పట్టుకుంది. పొద్దుగూకితే ఇద్దరికీ ఆకు తడిపేది. తెల్లారి నా వంతు కూడా చుట్టలేక పడుకునేదాన్ని. తడిపిన ఆకును వదిలేస్తే బూజు పడుతుంది. మా ఇంట్లో బూజు వాసన రాలేదు. బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయే వేళకు నా చాట నిండే ఉండేది. నేనే చుట్టానేమో అనుకునేదాన్ని. నిద్రకూ మెలకువకూ మధ్య నా చేతులు ఏం చేస్తున్నాయో నేను అడగలేదు.

ఏడాది ఆఖరి రోజు మధ్యాహ్నం లేచి చూస్తే, పోశక్క మా అరుగు మీద ఎండలో కూర్చుని భూమిక కత్తెరతో ఆకు కత్తిరిస్తోంది.

"గిన్ని దినాలు నువ్వేనా అక్కా?"

"మరి దేవదూతలు చుడుతున్నరనుకున్నవా? ఆళ్లకు బీడీలెట్లొస్తయే!"

నవ్వు పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. కొత్త సంవత్సరం పొద్దున మా చర్చిలో ప్రభువు పేర రొట్టె విరిచి పళ్లెంలో పంచుతారు. మనసులో పగ ఉన్నవాళ్లు దాన్ని ముట్టకూడదని మా వాడలో గట్టిగా పాటిస్తారు. ఆడబిడ్డతో మాటల్లేని తారాబాయి నిరుడు పళ్లెం రాగానే పక్కకు దాటించింది. నా పగ మనిషి మీద కాదు.

"రేపు నేను రాను అక్కా. ఆ దేవుని మీదనే కోపమున్నది. ప్రార్థన చేస్తె బిడ్డ లేస్తదన్నరు. చేసిన. ఇగ ఏ మొకం పెట్టుకొని ఆయన రొట్టె ముట్టాలె? రేపు రాకుంటె మాత్రం ఇగ ఎన్నడు రాను. నాకు తెలుసు."

పోశక్క కత్తెర ఆపలేదు. "దసర ముందట నా మొకం మీద తలుపేసినవు. యాదికున్నదా?"

"లేదు."

"ఏసినవు. దొడ్డి దిక్కునుంచి వచ్చి చుట్టిన. నువ్వు మంచిగైనంక చుడుదమనుకుంటె ఆకంత పాడైతుండె గదనే. నేనే గంత చేస్తె, ఆయన నాకంటె పిసినారా?"

ఎవరైనా ఎట్లున్నరంటే "దేవుని కృప" అంటాం. అలవాటుగా వచ్చే మాట. మనసు ఊడ్చుకుని, అలుక్కుని, ముగ్గేసి పెట్టుకుంటే వచ్చే చుట్టమని అనుకునేదాన్ని ఆ కృపను. నేను తలుపు వేసుకుని పడుకున్నన్ని రోజులూ అది దొడ్డిదారిన వచ్చిపోతూనే ఉంది.

తెల్లారి మంచు ఎంత దట్టంగా ఉందంటే, చర్చి కనబడలేదు. మైకులో అయ్యగారి దగ్గు మాత్రం వినిపించింది. పోశక్క చెయ్యి పట్టుకుని ఆ దగ్గు వైపు నడిచాను. లోపల ఆడవాళ్ల చాపల మీద కూర్చున్నాం. కిటికీలోంచి వచ్చిన మంచులో తెల్లని కొంగులన్నీ కలిసిపోయాయి. పాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలియలేదు.

పళ్లెం వచ్చింది. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. పోశక్క తన ముక్క తీసుకుని పళ్లెం నా ముందు పట్టింది. వెనక ఎవరో, "ఇటియ్యరాదే, ఎంతసేపు?" అని గొణిగారు. పోశక్క కదల్లేదు.

"కోపం పోలేదక్కా" అన్నాను.

"పోకుంటె పోకపాయె. ఆకలైతలేదా?"

తీసుకున్నాను. నా బిడ్డను ఎందుకు తీసుకుపోయావని ఆయనను అడుగుతూనే నమిలాను. జవాబు రాలేదు. కోపమూ పోలేదు. రొట్టె మాత్రం లోపలికి దిగింది. పళ్లెం ఇంకా నా ముందే ఉందని అప్పుడు చూసి, వెనకవాళ్లకు అందించాను.