గోల్‌కీపర్‌ని మార్చని మా కోచ్

మా కోచ్ పోయారు. నిన్న పొద్దున సికింద్రాబాద్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి, "అంకుల్, నాన్న ఇక లేరు" అంటే, "ఏ నాన్న?" అన్నాను. అంత తెలివితక్కువ ప్రశ్న నా జన్మలో అడగలేదు. వాకింగ్‌కని బూట్లు వేసుకుంటూ కుర్చీలోనే ఒరిగిపోయారట. మొన్ననే మాట్లాడారే! నా మోకాళ్ల నొప్పుల గోల విని, "బరువు తగ్గు తమ్మీ, మోకాళ్లను ఎందుకు తిడతవ్" అని ఎగతాళి చేశారే! ఆ మనిషి పోవడమేమిటి? చేతిలో టీ చల్లారిపోయింది. మా ఆవిడ ఏదో అడుగుతోంది. నాకు బుర్ర పనిచెయ్యలేదు, ఇప్పటికీ చెయ్యడం లేదు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. గల్ఫ్ యుద్ధం రోజుల్లో సౌదీలో ధహ్రాన్ దగ్గర ఒక కాలేజీలో నేను ల్యాబ్ టెక్నీషియన్ని, ఆయన జిమ్‌లో ఇన్‌స్ట్రక్టర్. నాది కాకినాడ, ఆయనది సికింద్రాబాద్. సైరన్ మోగినప్పుడల్లా కిటికీలకు టేపులంటించిన ఒకే గదిలో గ్యాస్ మాస్కులు తగిలించుకుని కూర్చున్న స్నేహం మాది. మాస్కులో నా అవతారం చూసి ఆయన పకపకా నవ్వేవారు. "ప్రాణాలు పోతుంటే నవ్వేంటండీ బాబూ" అని విసుక్కునేవాణ్ణి.

యుద్ధం మొదలవగానే వెళ్లిపోయిన ఫుట్‌బాల్ కోచ్ మళ్లీ రాలేదు. కాలేజీ తెరిచాక క్రీడల విభాగం ముదీర్, అంటే డైరెక్టరు, జట్టును ఈయన చేతిలో పెట్టాడు. ఒక్క సీజన్ చూస్తాం, బాగా ఆడిస్తే కాంట్రాక్టు పొడిగిస్తాం, లేదంటే పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపేస్తాం అన్నాడు. బంతులు మోయడానికి, నీళ్లు అందించడానికి ఈయన నన్ను లాక్కుపోయారు.

చిక్కల్లా గోల్‌కీపర్‌తోనే వచ్చింది. అతను సౌదీ కుర్రాడు. నేలబారుగా వచ్చే బంతిని వదిలేవాడే కాదు. పైనుంచి పడే బంతికి మాత్రం తల మీద చేతులు పెట్టుకుని కూలబడిపోయేవాడు. యుద్ధంలో మిస్సైల్ ముక్కలు వాళ్ల వీధిలో పడినప్పుడు అతను బయటే ఉన్నాడట. ఈ సంగతి అవతలి జట్లకు తెలిసిపోయింది. ఇంకేముంది, కార్నర్ కిక్ దొరికితే చాలు, బంతిని ఆకాశానికి కొట్టేవాళ్లు.

"మార్చెయ్యండి సార్, ఇంకో కీపర్ ఉన్నాడుగా" అన్నాను.

"ఆట రాక కాదు తమ్మీ, భయపడుతుండు. గోలు పోతే ఇంకోటి కొడతం. ఇప్పుడు పక్కకు కూసోబెడితే ఈ పోరడు జిందగీల పైకి సూడడు."

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ప్రాక్టీసు. ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గది కప్పు మీదికి ఆయన ఎక్కి, అక్కడివాళ్లు తలకు కట్టుకునే ఎర్రగళ్ల రుమాలు ఒకటి కిందికి వదిలేవారు. అది ఊగుతూ, తేలుతూ దిగేది. కింద కుర్రాడు దాన్ని పట్టుకోవాలి. "దేఖో బేటా, భాగో నక్కో!" అని పైనుంచి అరిచేవారు, చూడు బాబూ, పారిపోకు అని. తండ్రి కొట్లో పనివాళ్ల దగ్గర కాస్త హిందీ నేర్చిన ఆ కుర్రాడికి ఈయన దక్కనీ ఉర్దూ ఎంత అర్థమయ్యేదో ఆ దేవుడికే తెలియాలి. రుమాలు అలవాటయ్యాక దాన్ని ముడి వేసి వదిలారు. తర్వాత అందులో బత్తాయి పెట్టి మూట కట్టారు. ఆ తర్వాత బంతి. మీ కోచ్ బట్టలు ఆరేస్తున్నాడా అని జనం నవ్వితే, ఈయన కూడా వాళ్లతో కలిసి నవ్వేవారు. ఎంత ఓపికయ్యా మనిషికి!

ఆ గోల్‌కీపర్ ఇప్పుడు యాన్బులో రిఫైనరీ ఇంజనీరు. నిన్న ఫోన్ చేసి చెప్పాను. "లా, లా, లా" అన్నాడు. కాదు, కాదు, కాదని. ఆ తర్వాత ఇద్దరం ఏడ్చాం. కాస్త తేరుకున్నాక ఆ సీజన్‌లో చివరి మ్యాచ్ గురించే మాట్లాడుకున్నాం.

ఆ మ్యాచ్ ముందు ముదీర్ కోచ్‌ని పిలిపించాడు. "కీపర్ని మార్చు. మార్చకుండా ఓడితే నీ పని ఖల్లాస్" అన్నాడు. ఈయన మర్యాదగా సలాం చెప్పి బయటికొచ్చి, అదే కుర్రాణ్ణి గోల్‌లో నిలబెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంట్లో చంటిపిల్లని పెట్టుకుని ఇదేం మొండితనమండీ?"

"ఊకో తమ్మీ. మ్యాచ్ సూడు."

చూశాను. అవతలివాళ్లు కార్నర్ మీద కార్నర్ పైకి లేపారు. మొదటి బంతికి కుర్రాడి మొహం పాలిపోయింది గానీ అడుగు వెనక్కి వెయ్యలేదు. ఎగిరి పట్టుకున్నాడు. ఆ తర్వాత అన్నీ పట్టుకున్నాడు. ఇంకేం, గట్టెక్కాం అనుకున్నాను. ఆట అయిపోవస్తుండగా ఒక నేలబారు బంతి మా డిఫెండరు బూటుకే తగిలి, దారి మళ్లి గోల్‌లోకి దొర్లిపోయింది. ఇదెక్కడి ఖర్మ! ఒక్క గోలుతో ఓడిపోయాం. ముదీర్ మా వైపు చూడకుండానే కారెక్కాడు. "ఇప్పుడేం చేస్తారండీ?" అన్నాను. ఆయన మైదానం వైపు చూస్తున్నారు.

అందరూ వెళ్లిపోతున్నారు. గోల్‌కీపర్ ఒక్కడే మిగిలాడు. బంతిని చేతుల్లోంచి వదిలి, ఉన్న బలమంతా పెట్టి నిటారుగా పైకి తన్నాడు. కోచ్ నా భుజం గట్టిగా పట్టుకున్నారు. బంతి చాలా ఎత్తుకు వెళ్లింది. ఆ కుర్రాడు తల పైకెత్తి, చేతులు చాచి, సరిగ్గా దాని కిందే నిలబడ్డాడు.